ఫొటో చూడకుండా ఓడను గుర్తుపట్టే పద్ధతి

పాత ఓడ ఫొటో దొరికితే ముందుగా చేయకూడని పని దాన్ని చూడటం. మా బరంపురంలో ఈ నియమం ఇంకా చెక్కుచెదరలేదని మొన్న ఓ ఇంటి అటక మీంచి దిగిన ఫొటో రుజువు చేసింది. ఫ్రేము మీద దుమ్ము పూర్తిగా దులపకముందే పెద్దలు తేల్చేశారు, ఇది తాతగారు రంగూన్ వెళ్లిన స్టీమరని. గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్ వెళ్లని తాతలు మా ఊళ్లో లేరు, అప్పట్లో వెళ్లనివాళ్లు కూడా మనవలు పుట్టాక వెళ్లారు.

విశాఖ బీచ్‌లో టికెట్ కొని కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లొచ్చిన ఒక బావగారు మాత్రం ఒప్పుకోలేదు. డెక్కు నీళ్లకి అంత దగ్గరగా ఉందంటే ఇది సగం మునిగిన సబ్‌మెరైనేనట. రిటైరైన మాస్టారొకరు ఇసుక పడవన్నారు. కారణం అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఇంతలో ఒక కుర్రాడు ఎంత పొగరంటే, భూతద్దం తెచ్చి నిజంగానే ఫొటో చూశాడు! ముందు లావు ఫిరంగి, వెనక ఇంకోటి, ఒకటే పొగగొట్టం, రెండు తెరచాప కొయ్యలు, అన్నిటికన్నా ముఖ్యంగా అలకి అందేంత పొట్టి ముక్కు. ఇది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కోసం ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో 1884లో కట్టిన గన్‌బోట్ గయుండా, లేదంటే దాని కవల పలూమా అన్నాడు. గయుండాకి 1914లో ముక్కు ఎత్తు పెంచారు కాబట్టి, అదే అయితే ఫొటో అంతకంటే పాతదట. ముందుది 8 అంగుళాల ఫిరంగి, వెనకది 6 అంగుళాలది. అంత చిన్న ఓడకి అంత గొట్టమేమిటంటే, రేవు కాపలాకి పెద్ద యుద్ధనౌక కొనే డబ్బులేక పెద్ద ఫిరంగి కొని దాని కింద ఓ పడవ పెట్టుకున్నారన్నమాట. 1888లో సెలవు, జీతం గొడవలో దిగిపొమ్మంటే దీని కెప్టెన్ దిగనని భీష్మించాడు, ప్రభుత్వం పోలీసుల్ని పంపాల్సి వచ్చింది. (ఈ ఒక్క సంగతి విని మా సభలోని గుమాస్తాలంతా ఓడ మీద గౌరవం పెంచుకున్నారు.)

"గయుండా లేదా పలూమా" అనడమే కుర్రాడి కొంప ముంచింది. రెండు పేర్లు చెప్పేవాడికి ఒక్కటీ తెలియనట్టేగా! పైగా 1921లో గయుండాని అమ్మేశాక దశాబ్దాలపాటు బ్రిస్బేన్ నదిలో ఇసుక, కంకర మోయించారని, 1958లో రెడ్‌క్లిఫ్ దగ్గర వుడీ పాయింట్ ఒడ్డుకి అలల అడ్డుకట్టగా తోసేశారని, ఆ తుప్పు ఇప్పటికీ అక్కడే ఉందని కూడా వాగాడు. ఇసుక అన్న మాట చెవిన పడగానే మాస్టారు కండువా సర్దుకున్నారు. బల్ల చరిచి కారణం లేకుండా చెప్పినాయన గెలిచాడు, కారణాలన్నీ చెప్పినవాడికి బీఎస్సీలో మిగిలిన సబ్జెక్టులు గుర్తుచేశారు.

అయినా తుది తీర్మానం మాత్రం పెద్దలు మొదట చెప్పిన రంగూన్ స్టీమరే. ఆదివారం ఆవిష్కరణ. ప్రయాణికుల ఓడకి ఫిరంగేమిటని ఎవరైనా అడుగుతారేమోనన్న టెన్షన్ కమిటీకి ఉన్నమాట నిజమే కానీ, ఫ్రేము కట్టేవాడు అనుభవజ్ఞుడు, కుడివైపు కాస్త కోసేస్తానన్నాడు, అప్పటికీ గొట్టం కొస కనిపిస్తే బంతిపూల దండ లావుగా వేస్తారట.