పసికందు తూకం ఫోన్‌కు వదిలేయొద్దు

త్రాసుతో పని లేకుండా పసికందు బరువును ఫోన్‌ కెమెరాతో చెప్పేసే సాంకేతికత ప్రయోగశాల దాటి బాలింతల ఇళ్లలోకి వచ్చేసింది. ముంబయికి చెందిన వాధ్వానీ ఏఐ సంస్థ రూపొందించిన ‘శిశు మాపన్‌’ యాప్‌ను దాద్రా నగర్‌ హవేలీ, డామన్‌ డయ్యూలో ఆశా కార్యకర్తల చేత వాడించి చూశారు. బిడ్డను గుడ్డపై పడుకోబెట్టి, పక్కన కొలత తెలిసిన వస్తువు ఒకటి ఉంచి, ఫోన్‌ను ఒక వైపు నుంచి మరో వైపుకు తిప్పుతూ చిన్న వీడియో తీస్తే చాలు. బరువు, పొడవు, తల చుట్టుకొలత ఎంతో కృత్రిమ మేధ అంచనా కడుతుంది. కాస్త పెద్ద పిల్లల కోసం జర్మనీకి చెందిన వెల్ట్‌హుంగర్‌హిల్ఫే సంస్థ ఇలాంటి సాధనాన్నే తయారుచేసి మన దేశంలోనూ పరీక్షించింది. ఈ ప్రయత్నాలను మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. త్రాసును పక్కనపెట్టి వీటిని తెచ్చే తొందర మాత్రం వద్దంటున్నాం.

ఇలాంటి సాధనం అక్కర ఉందన్నది కాదనలేని మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఎదుగుదల ఎక్కడ ఆగిందో తెలియాలంటే మొదటి వారాల నుంచే బరువు సరిగ్గా చూడాలి. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను కూడా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి చూడాలని ఆశా కార్యకర్తలకు నిబంధన ఉన్నది అందుకే. అక్కడ జరిగేదేమిటి? బిడ్డను జోలెలో వేసి త్రాసుకు వేలాడదీస్తారు. బిడ్డ ఏడుస్తూ కాళ్లు తన్నుకుంటుంటే ముల్లు నిలవదు. స్ప్రింగు సాగిపోయిన త్రాసును మార్చేవారుండరు. అంగన్‌వాడీల్లో ఎక్కువగా కనిపించే 25 కిలోల సాల్టర్‌ త్రాసులో ఒక్కో గీత 100 గ్రాములు. కళ్లతో చూసి దగ్గరలోని గుండు అంకెకు సర్దేసి రాసుకుంటారు. పుట్టినప్పుడు తక్కువ బరువుకు గీటురాయి 2,500 గ్రాములైతే, రికార్డుల్లో సరిగ్గా 2,500 దగ్గరే అంతమంది బిడ్డలు పోగుపడటం వైద్య పరిశోధకులకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. తప్పు ఆశా అక్కలది కాదు, చేతికి పనికిరాని త్రాసు ఇచ్చినవాళ్లది.

ఇక కెమెరా సంగతి. తొలి వారంలో పసిబిడ్డ కొంత బరువు తగ్గడం మామూలే, పదో వంతు దాకా తగ్గొచ్చు. రెండు వారాల్లో తిరిగి పుంజుకోవాలి, ఆపై రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. అంటే వారానికి సుమారు 150 నుంచి 200 గ్రాములు. ఇప్పుడు యాప్‌ ప్రతిసారీ 100 గ్రాములు అటూ ఇటూ చెబుతోందనుకుందాం. 14వ రోజున అసలు బరువు 3,000 ఉంటే 2,930 చూపింది. వారం గడిచింది, బిడ్డ ఒక్క గ్రామూ పెరగలేదు. ఈసారి 3,080 చూపింది. కాగితం మీద వారంలో 150 గ్రాములు పెరిగినట్టే! తల్లి పాలు చాలడం లేదని, బిడ్డకు ఏదో ఇన్‌ఫెక్షన్‌ మొదలైందని పట్టుకోవాల్సిన రోజే ‘అంతా బాగుంది’ అని తేల్చేస్తారు. ఎదుగుదల అంటే రెండు తూకాల మధ్య తేడా. ఒక్కో తూకంలో చిన్నదిగా కనిపించే పొరపాటు తేడా దగ్గరికొచ్చేసరికి అసలు విషయాన్నే మింగేస్తుంది. వేల మంది పిల్లల సగటు కోసమైతే ఈ అంచనాలు అక్కరకొస్తాయి. ఒడిలో ఉన్న ఒక్క బిడ్డ విషయంలో వీటిని నమ్మాలంటే ఇంతకంటే గట్టి రుజువు చూపాలి.

మరో చిక్కుంది. కృత్రిమ మేధకు బరువు నేర్పేది కూడా త్రాసే. వేల మంది బిడ్డల వీడియోల పక్కన వారి అసలు తూకం రాసి ఇస్తేనే అది నేర్చుకుంటుంది. ఆ తూకాలు ఇలా గుండు అంకెకు సర్దేసి రాసినవైతే యంత్రమూ అదే తప్పును ధీమాగా అప్పజెబుతుంది. పైగా నెలలు నిండకుండా పుట్టిన బక్కపలచని బిడ్డలు ఆ వీడియోల్లో ఎందరున్నారు? 1,800 గ్రాముల లోపు బిడ్డను నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా కేంద్రంలో చేర్చాలి. సరిగ్గా ఆ గీత దగ్గర యాప్‌ ఎంత తప్పుతోందన్నదే కీలకం, మొత్తం సగటు కాదు. వేలికి తొడిగే ఆక్సీమీటర్లు నల్లని ఒంటిరంగు ఉన్నవారిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపుతున్నాయని కొవిడ్‌ రోజుల్లో బయటపడింది. ఏళ్ల తరబడి వాడాక తెలిసిన లోపమది. ఏజెన్సీ గూడేల మసక వెలుతురులో, చామనఛాయ బిడ్డలపై ఈ యాప్‌ను ముందే పరీక్షించాలి.

ఇంట్లోవాళ్ల మనసూ చూడాలి. పసిగుడ్డును తూస్తే దిష్టి తగులుతుందని వెనకాడే అమ్మమ్మలు, నాయనమ్మలు ఇప్పటికీ ఉన్నారు. పురుడు వెళ్లకముందే బట్టల్లేని బిడ్డను వీడియో తీస్తామంటే వాళ్లు ఊరుకుంటారా? వారి భయాన్ని మూఢనమ్మకమని కొట్టేయడం తగదు. ఆ వీడియో ఎవరి సర్వర్‌లో ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది, రేపు ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్నలు చదువుకున్న తల్లికీ టెన్షన్‌ పుట్టించేవే. 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి డిజిటల్‌ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. మినహాయింపుల చాటున ప్రభుత్వాలు దీన్ని దాటవేయకూడదు. కొలత రాగానే ఫోన్‌లోనే వీడియో చెరిగిపోవాలి. వీడియో వద్దన్న తల్లికి రావాల్సిన సేవల్లో రవ్వంత కూడా తగ్గకూడదు.

పని భారమూ చూడాలి. అంగన్‌వాడీ సేవలను నమోదు చేసే పోషణ్‌ ట్రాకర్‌ యాప్‌ 2021లో వచ్చింది. 2025 జులై నుంచి ఇంటికిచ్చే పౌష్టికాహారానికి ముఖ గుర్తింపునూ తప్పనిసరి చేశారు. సిగ్నల్‌ లేనిచోట, ఫోన్‌ మొరాయించినచోట అంగన్‌వాడీ టీచర్లు పడుతున్న అవస్థలు తెలిసినవే. కొత్త యాప్‌ వస్తే పాత రిజిస్టరో, పాత యాప్‌లోని పనో ఒకటి తగ్గాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ సాంకేతికత వైపు చూసేముందు ప్రతి ఆశా కార్యకర్తకూ 10 గ్రాముల తేడానైనా చూపే ఎలక్ట్రానిక్‌ త్రాసు ఇవ్వాలి. యాప్‌ను కొంతకాలం దాని పక్కనే నడిపి, బరువుల వారీగా ఫలితాలను ప్రజల ముందు పెట్టాలి. పాడేరు కొండల్లో ఒక రాత్రి ఫోన్‌ 1,700 గ్రాములని చూపితే ఆ తల్లీబిడ్డల కోసం డోలీ మోతలతో పని లేకుండా బండి ఎవరు పంపుతారో, ఏ ఆస్పత్రిలో చేర్చుకుంటారో కాగితం మీద ఖరారు చేశాకే ఫోన్లు పంచాలి.