తలకు దెబ్బ తగిలిన పిల్లాడిని చీకటి గదిలో పడుకోబెట్టకండి

సంక్రాంతి కబడ్డీ పోటీలప్పటి నుంచి మా శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "ఆటలో తలకు దెబ్బ తగిలి కళ్లు తిరుగుతుంటే స్కానింగ్ తీయించండి. అది బాగుంటే భయం లేదు. నీరసం వల్లే కళ్లు తిరుగుతాయి, సెలైన్ పెట్టించండి. పదిహేను రోజులు చీకటి గదిలో కదలకుండా ఉంచండి. కళ్లు తిరిగినప్పుడల్లా మాత్ర వేయండి. ఫిజియోథెరపీకి తీసుకెళ్తే తల అటూఇటూ తిప్పించి జబ్బు పెంచుతారు."

ఆ ఫిజియోథెరపీ చేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మెసేజ్ రాసినవాళ్లు పిల్లల మంచి కోరే రాసి ఉంటారు. కానీ దాన్ని నమ్మి పద్దెనిమిది రోజులు మంచం మీదే ఉన్న ఒక కుర్రాణ్ణి వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. పదిహేడేళ్లవాడు, కబడ్డీలో కూతకెళ్లే మంచి రైడరట. పట్టులో పడి తల నేలకు కొట్టుకుంది. గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. "లెగిస్తే తూలిపోతన్నాడు బాబూ, మంచం దిగనివ్వనేదు నాను. మరేటి సేయమంతారు?" అంది ఆ తల్లి. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, చేతులు నడుం మీద ఉంచి, కళ్లు మూసుకోమన్నాను. నాలుగు సెకన్లకే పక్కకు ఒరిగిపోయాడు. ఆ వయసువాడు ఇరవై సెకన్లు అవలీలగా నిలబడాలి.

ముందు స్కానింగ్ సంగతి. తలలో రక్తం కారిందా, పుర్రె ఎముక విరిగిందా అన్నది సీటీ స్కాన్ చూపిస్తుంది. అందుకు అది కావాల్సిందే. కానీ కంకషన్‌లో, అంటే దెబ్బకి మెదడు అదిరినప్పుడు, దెబ్బతినేది మెదడు పనితీరు. అది మామూలు స్కాన్‌లో కనపడదు. స్కాన్ బాగుండి కూడా కళ్లు తిరగడం, తలనొప్పి, చదివితే అక్షరాలు కదిలినట్టుండటం వారాల తరబడి ఉండొచ్చు. ఇంకోమాట, ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి: దెబ్బ తగిలాక మళ్లీమళ్లీ వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, లేపినా సరిగా లేవకపోయినా, మెడ బాగా నొప్పెడుతున్నా ఇంట్లో చూసుకుంటూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

నీరసం అన్నది అసలు కారణం కాదు. మనిషి పడిపోకుండా నిలబడటానికి కళ్లు, లోపలి చెవి, పాదాల నుంచీ మెడ నుంచీ వచ్చే స్పర్శ, ఈ మూడింటి సమాచారాన్నీ మెదడు కలుపుకుంటుంది. దెబ్బతో ఆ లెక్క తప్పుతుంది. తల కదిలిందని చెవి చెప్పేదీ, కంటికి కనపడేదీ ఒకదానితో ఒకటి సరిపోవు. సెలైన్ ఆ లెక్కను సరిచేయదు. కొందరికి లోపలి చెవిలో ఉండే సన్నటి సున్నపు రేణువులు దెబ్బకి చోటు తప్పుతాయి. వాళ్లకి మంచం మీద పక్కకు ఒత్తిగిలితే చాలు, కొన్ని సెకన్లు గది అంతా గిర్రున తిరుగుతుంది. దానికి ఎప్లీ పద్ధతి ఉంది: తలను ఒక వరుసలో తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి పంపడం. చాలామందికి ఒకటి రెండు సార్లకే తగ్గిపోతుంది. అలాంటి పిల్లాడికి సీసా మీద సీసా ఎక్కిస్తుంటే నాకు బాధేస్తుంది.

చీకటి గది మాట మెసేజ్ రాసినవాళ్లు పుట్టించింది కాదు. ఒకప్పుడు డాక్టర్లే అలా చెప్పేవారు. 2015లో అమెరికాలో 11 నుంచి 22 ఏళ్లవాళ్ల మీద జరిగిన అధ్యయనంలో, ఐదు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకున్నవాళ్లకే ఒకటి రెండు రోజులు తీసుకున్నవాళ్ల కంటే బాధలు ఎక్కువ రోజులున్నాయి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడిన క్రీడా కంకషన్ నిపుణులు తేల్చిందీ అదే. మొదటి 24 నుంచి 48 గంటలు తేలికపాటి విశ్రాంతి చాలు. ఇంట్లో తిరగొచ్చు, సెల్‌ఫోన్ తగ్గించాలి. తర్వాత నెమ్మదిగా నడక మొదలుపెట్టాలి.

మాత్రలంటారా, మొదట్లో వాంతులు, తిప్పుడు ఎక్కువగా ఉంటే స్టెమెటిల్ లాంటివి డాక్టర్లు కొద్దిరోజులు రాస్తారు, తప్పులేదు. నెలల తరబడి వేస్తే మాత్రం మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు మానేయకుండా డాక్టరును అడగండి.

ఇక మా మీద నింద. తల తిప్పిస్తామన్నది నిజమే. ఎందుకు తిప్పిస్తామో చెప్తాను. ముందు మెడ చూస్తాం, కంటి చూపు చూస్తాం. ఆ తర్వాత చేయి చాచి బొటనవేలు ఎదురుగా పెట్టుకుని, చూపు దాని మీదే నిలిపి, తలను మాత్రం అటూఇటూ తిప్పమంటాం, అరనిమిషం. కాస్త తిరిగినట్టుంటుంది. ఉండాలి కూడా, తప్పు ఎక్కడుందో తెలిస్తేనే కదా మెదడు దిద్దుకునేది. అయితే దానికి హద్దుంది. బాధను సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే, మొదలుపెట్టినప్పటి కంటే రెండు అంకెలకు మించి పెరగకూడదు, గంటలోపు దిగిపోవాలి. పెరిగితే వేగం తగ్గిస్తాం. ఆ తర్వాత పాదం ముందు పాదం పెట్టి నిలబడటం, మెత్తటి దిండు మీద నిలబడటం, తల తిప్పుతూ నడవటం. పక్కన మనిషి ఉండాల్సిందే.

ఇది నిన్నామొన్న పుట్టిన వైద్యం కాదు. 1940ల్లోనే బ్రిటన్‌లో కాథోర్న్, కుక్సీ అనే డాక్టర్లు ఇలాంటి వ్యాయామాలు తయారుచేశారు. 2014లో కెనడాలో చేసిన అధ్యయనంలో మెడకీ లోపలి చెవికీ కలిపి ఈ చికిత్స చేసిన 15 మందిలో 11 మందికి ఎనిమిది వారాల్లోపు ఆడొచ్చని డాక్టర్లు చెప్పారు. ఈ ప్రత్యేక చికిత్స లేని గుంపులో 14 మందిలో ఒక్కరికే చెప్పారు. చిన్న అధ్యయనమే, కానీ తేడా చూడండి. కళ్లు తిరగడం పది రోజులు దాటినా తగ్గకపోతే ఈ చికిత్స చేయించాలని ఆమ్‌స్టర్‌డామ్ నిపుణులూ చెప్పారు.

మా కుర్రాడికి మూడో వారంలో ఇంటి పని ఒకటిచ్చాను: పొద్దున్నే వాళ్లమ్మ తోడుండగా పొలం గట్టు మీద నడవడం, నడుస్తూ ఎడమ పక్క చెట్టునీ కుడి పక్క చెట్టునీ చూడటం. మొదటిరోజు రెండుసార్లు మడిలోకి జారాడట. ఐదో వారానికి కళ్లు మూసుకుని ఇరవై సెకన్లూ కదలకుండా నిలబడ్డాడు. "మరి ఆడనిద్దునా బాబూ?" అంది ఆ తల్లి. పరుగు సరే, ఒంటరిగా రైడ్ సాధన సరే, పట్టు మాత్రం ఇప్పుడే వద్దన్నాను. ఆటలోకి మెట్టు మెట్టుగా తిరిగి వెళ్లాలి, ఒక్కో మెట్టు ఎక్కడానికి కనీసం ఒక రోజు పట్టాలి. పట్టుకోవడం, పడిపోవడం ఉన్న మెట్టుకి డాక్టరు సరే అనాలి. వచ్చే సోమవారం వాళ్లిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు.