‘రన్నింగ్‌లో సెట్ అయిపోతుంది సార్’

బోరింగ్‌కు, అంటే సిలిండరు లోపలి గోడను కొత్త పిస్టన్ సైజుకు కోయడానికి ఇచ్చిన నా యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు బ్లాకు ఈ సాయంత్రమే చేతికి వచ్చింది. ఇంటికి తెచ్చి, కిరోసిన్‌తో కడిగి తుడిచి, లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్ దింపినప్పటి నుంచి ఇప్పటి వరకూ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఆ షాపువాడికి తగలవలసిన మాటలు మా ఇంట్లోవాళ్ళకు తగులుతాయని భయం.

కొలతలు చెబుతాను, ఎందుకంటే ఆ షాపులో చెప్పేవారు ఎవరూ లేరు. పిస్టన్ అర మిల్లీమీటరు ఓవర్‌సైజుది, అంటే కంపెనీ సైజు కంటే అంత పెద్దది. దాని పక్కగోడ, అదే స్కర్టు, కింది భాగంలో, రాడ్డుకు తగిలించే పిన్నుకు అడ్డంగా కొలిస్తే 50.46 మిల్లీమీటర్లు ఉంది. ఇలాంటి చిన్న టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టనుకూ గోడకూ మధ్య సుమారు 0.04 మిల్లీమీటరు సందు చాలు కాబట్టి బోరు పైనుంచి కింది దాకా 50.50 ఉండాలి. అడుగున సరిగ్గా అంతే ఉంది, సంతోషం. పైన 50.53 ఉంది. పోర్టుల దగ్గర, అంటే గ్యాసు లోపలికి వచ్చి పొగ బయటికి పోయే కిటికీల దగ్గర, ఒక వైపు 50.51, దానికి అడ్డంగా 50.55 ఉంది. అంటే నేను డబ్బులిచ్చి చేయించుకున్నది గుండ్రని బోరు కాదు, కోడిగుడ్డు మూతి ఉన్న గరాటు. పైగా పోర్టుల అంచులు బోరింగ్ టూలు వదిలిన పదునుతో అలాగే ఉన్నాయి. ఎగ్జాస్ట్ పోర్టు మీదుగా వెళ్ళిన ప్రతిసారీ పిస్టన్ రింగు ఆ కిటికీలోకి కొద్దిగా ఉబ్బుతుందనీ, అందుకే అంచుకు చాంఫర్ కొట్టి పదును తీసేయాలనీ, లేకపోతే రింగు తట్టుకుని విరుగుతుందనీ బోరింగ్ షాపు నడిపే మనిషికి నేను చెప్పాలా?

ఫోన్ చేశాను. ఆయన ఎంతో ప్రశాంతంగా, ‘రన్నింగ్‌లో సెట్ అయిపోతుంది సార్’ అన్నాడు.

ఈ మాట మీరందరూ విన్నదే. బిగువుగా ఉన్నది రన్నింగ్‌లో వదులు కావచ్చు, ఒప్పుకుంటాను. వదులుగా ఉన్నది తిరిగి తిరిగి బిగుసుకున్న దాఖలా ఇనుము పుట్టిన దగ్గర నుంచి లేదు. నేను 0.09 మిల్లీమీటరు సందు గురించి అడిగితే, ‘ఇంత నలుసుకి ఇంత గొడవా’ అన్నట్టు ఒక నవ్వు కూడా వినిపించింది. ఆ నలుసు కోసమే కదా నేను నీ దగ్గరికి వచ్చింది. నలుసుతో పని లేకపోతే ఉప్పుకాగితం చుట్టిన వేలితో నేనే రుద్దుకునేవాణ్ణి.

ఇక్కడ పోయింది 700 రూపాయల బోరింగ్ ఖర్చు మాత్రమే కాదని ఎవరికీ అర్థం కాదు. ఈ బ్లాకుకు ఓవర్‌సైజులో 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు అని నాలుగు మెట్లే ఉన్నాయి. ఒకసారి కోసిన ఇనుమును మళ్ళీ అంటించలేము. నిన్నటి దాకా నా చేతిలో మూడు మెట్లు ఉండేవి, ఇవాళ ఒకటి ఏ కిలోమీటరూ నడవకుండానే ఖర్చయిపోయింది, దానితో పాటు కొత్త పిస్టన్ కిట్టూ ఖర్చయిపోయింది. 1996లో తయారీ ఆగిపోయిన బండికి ఒరిజినల్ బ్లాకు దొరకడం ఎంత కష్టమో తెలిసినవారికి తెలుసు. మెట్లన్నీ అయిపోయాక కొత్త స్లీవు, అంటే అల్యూమినియం బ్లాకు లోపల ఉండే ఇనుప గొట్టం, వేయించవచ్చు కదా అంటారేమో. బోరే గుండ్రంగా కొట్టలేని చేతికి, అల్యూమినియాన్ని వేడిచేసి స్లీవు దించి, పోర్టులు గీతకు గీత కలిపే పని అప్పగించమంటారా?

తమాషా ఏమిటంటే ఈ అర మిల్లీమీటరుతో నాకు వచ్చే లాభం ఏమీ లేదు. 50 బై 50 కొలతల ఇంజను 98 సీసీ నుంచి 100 సీసీ అవుతుంది. రెండు సీసీ. పవరు బోరులో రాదు, పోర్టుల్లోనూ, సిలిండరు మూత అయిన హెడ్డులోనూ, సైలెన్సరులోనూ వస్తుంది; బోరు చేసే పనల్లా ఆ పవరును బయటికి జారిపోకుండా పట్టుకోవడం. కానీ మనవాళ్ళ బిల్లు చూడండి. ఎక్స్‌పాన్షన్ చాంబరు అనే రేసు సైలెన్సరుకు 9,000 రూపాయలు నవ్వుతూ ఇస్తారు, పోర్టులను గ్రైండరుతో పెద్దవి చేసే పోర్టింగుకు 6,000 ఇచ్చి ఫొటోలు పెడతారు, బోరింగ్ దగ్గరికి వచ్చేసరికి 700 చెబితే 600కు బేరమాడతారు. నేను మాత్రం 2,000 ఇస్తాను, రెండు రోజులు ఆగుతాను, కొలిచి ఇవ్వండి అని బతిమాలాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

పోర్టింగ్ అంటే గుర్తొచ్చింది. ఎగ్జాస్ట్ పోర్టు పైకప్పు లేపితే బండి ఎగురుతుందని చెప్పేవారు, లేపిన తరవాత సంగతి చెప్పరు. పోర్టు ముందుగా తెరుచుకుంటుంది కాబట్టి ఎక్కువ ఆర్‌పీఎంలో, అంటే ఇంజను వేగంగా తిరిగేటప్పుడు, పవరు పెరుగుతుంది, తక్కువలో లాగుడు తగ్గుతుంది, సిలిండరులో నిలిచే కంప్రెషనూ తగ్గుతుంది. దానిని తిరిగి తెచ్చుకోవడానికి హెడ్డు ఫేసింగ్ చేయించాలి, అంటే దాని అడుగు కొద్దిగా కోయించాలి. అది చేయిస్తే పిస్టనుకూ హెడ్డుకూ మధ్య సందు ఎంత మిగిలిందో సోల్డర్ తీగ పెట్టి నలిపి కొలవాలి. ఎక్కువ ఆర్‌పీఎంకు వెళుతుంది కాబట్టి పిస్టన్ తిప్పే ఇరుసు, అదే క్రాంకు, వంకర లేకుండా ట్రూయింగ్ చూడాలి, రాడ్ కిట్టు మార్చాలి, కార్బురేటరు జెట్టు పెంచాలి. ఒక్క పోర్టు ఇంత మందిని వెంటబెట్టుకుని వస్తుంది. వీళ్ళందరూ వచ్చి చివరికి కూర్చోవలసింది ఆ గరాటులోనే.

టెక్సాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు షెవర్లే 350 అనే ఎనిమిది సిలిండర్ల కారు ఇంజను ఒకటి కట్టించుకుంటున్నాడు. వాడి మెషిన్ షాపు బిల్లు విన్నప్పుడు ఆ డబ్బుతో ఇక్కడ రెండు బళ్ళు వస్తాయని ఎగతాళి చేశాను. బ్లాకు కడగడానికి ఒక లెక్క, పగుళ్ళు వెతకడానికి ఒక లెక్క, క్రాంకు కూర్చునే మెయిన్ బేరింగుల వరుస హోనింగ్‌తో, అంటే రాళ్ళతో సన్నగా అరగదీసి, సరిచేయడానికి ఒక లెక్క, పైతలం చదును చేయడానికి ఒక లెక్క. ఆ బేరింగులను పట్టి ఉంచే మెయిన్ క్యాపులకు బోల్టులు తీసి గట్టి స్టడ్లు వేస్తే పట్టు మారి ఆ వరుస తేడా వస్తుందట, కాబట్టి స్టడ్లు కొన్న పాపానికి ఆ హోనింగ్ మళ్ళీ చేయించాలి. హెడ్డు బిగించినప్పుడు బోరు వంకరపోయే తీరును ముందే రప్పించడానికి ఒక మందపాటి ఇనుప పలకను బ్లాకు మీద హెడ్డు లాగే బిగించి అప్పుడు హోనింగ్ చేస్తారు, దానికి విడిగా డబ్బు. పిస్టన్లు చేతికి ఇవ్వకపోతే చివరి హోనింగ్ ముట్టుకోరు. నవ్వుకున్నాను. తరవాత వాడు ఒక కాగితం ఫొటో పంపాడు. ఎనిమిది బోర్లు, ఒక్కో బోరుకు పైన, మధ్యలో, కింద, రెండు దిశల్లో కొలతలు, పక్కనే ఆ బోరులోకి వెళ్ళే పిస్టన్ కొలత. నాకు ఆ ఇంజను మీద అసూయ కలగలేదు, ఆ కాగితం మీద కలిగింది.

అమెరికా వాళ్ళకు డబ్బుంది, మనకు లేదు అని కామెంట్ పెట్టకండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజనుకు లైనర్లు, అంటే స్లీవులు, వేసే పెద్దాయనలు ఉన్నారు, వాళ్ళ పని నేను దగ్గర నిలబడి చూశాను. గేజ్ డయల్ చూడకుండా బ్లాకును పక్కకు జరపరు. లారీ రోడ్డు మీద ఆగిపోతే ఓనరు వచ్చి నిలదీస్తాడని వాళ్ళకు తెలుసు. నాలాంటివాడు నిలదీస్తే ఏమవుతుంది, పోస్టు రాసుకుంటాడు.

నా అసలు మంట ఇవాళ్టిది కాదని రాస్తుంటే నాకే తెలుస్తోంది. ఈ బండి నాన్నగారు 1991లో కొన్నారు. దాని మీద వచ్చిన బ్లాకు స్టాండర్డ్ బోరుతో 18 ఏళ్ళు నడిచింది, దాని పోర్టుల్లో ఎవరి గ్రైండరూ దూరలేదు. 2009లో బండి విపరీతంగా పొగ వదులుతోందని మెకానిక్ దగ్గరికి తీసుకువెళితే ‘బ్లాకు పోయింది సార్’ అని, ఎక్కడిదో మరొకటి వేసి, పాతదానికి ఇనుము ధర కట్టి బిల్లులో తగ్గించాడు. నాన్నగారు ఆయనకు థాంక్స్ కూడా చెప్పారు. ఆ పొగ క్లచ్చు వైపు క్రాంకు ఆయిల్ సీలు పోయి గేరు ఆయిల్ లోపలికి లాగడం వల్ల వచ్చిందని, ఇంజను నేనే విప్పిన రోజున, ఆ పాత సీలు చేతిలో పట్టుకుని తెలుసుకున్నాను. సీలు ఒక్కటి మారిస్తే పోయేదానికి నాన్నగారి బ్లాకు పోయింది. అది ఇప్పుడు ఎవరి బండిలో ‘ఒరిజినల్ జపాన్’ అనే ధరకు తిరుగుతోందో.

రేపు 0.75 పిస్టన్ కొనడానికి వెళుతున్నాను. లారీ బ్లాకులు చేసే ఒక పెద్దాయన చిన్న బండ్ల పని పట్టరు గాని, రెండుసార్లు ఫోన్‌లో ప్రాధేయపడితే తీసుకురమ్మన్నారు. ఆయన మొదట అడిగిన మాట, ‘పిస్టన్ తెస్తున్నావా బాబూ? కొలిచాకే కొడతాను’. డబ్బు ఎంతని నేను అడగలేదు.