మూడు వారాల టీచర్

ఒకటో తరగతి గది. బల్లల్లేవు, అరవై మందికి పైగా పిల్లలు నేల మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. విదేశం నుంచి వచ్చిన వాలంటీర్ చేతులు ఊపుతూ ఇంగ్లిష్‌లో రంగుల పాట నేర్పుతోంది. రెండో చరణానికల్లా పిల్లలే ముందు పాడేస్తున్నారు. ఎంత చురుకో అని ఆమె మురిసిపోతోంది. ఆ పాట కిందటి నెల వచ్చిన అబ్బాయి నేర్పాడు, అంతకుముందు బ్యాచ్ కూడా అదే నేర్పింది. పిల్లలకు పాట వచ్చు, ఎక్కడ చప్పట్లు కొడితే ఫోన్ బయటికి తీస్తారో కూడా వచ్చు. రానిదల్లా తమ వాచకంలో రెండో పేజీ చదవడం.

ఈ గదిని టాంజానియాలో అరుషా, మోషి పక్కన ఊహించుకోండి. కిలిమంజారో ఎక్కడానికో సఫారీకో వచ్చే విదేశీయులతో సందడిగా ఉండే ఊళ్లవి. పనిలో పనిగా కొన్ని వారాలు పాఠాలు చెబుదామనుకునేవాళ్లూ అక్కడికి వస్తారు. అక్కడి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో బోధన స్వాహిలిలో. వాలంటీర్‌కు తెలిసిన స్వాహిలి మహా అయితే నాలుగు పలకరింపులు. ఆరేళ్ల పిల్లాడు పదాన్ని ఏ అక్షరం దగ్గర తప్పు చదివాడో ఆమెకెలా తెలుస్తుంది? ఇంగ్లిష్ వస్తే మంచిదేగా అంటారు తల్లిదండ్రులు. ఆ ఆశలో తప్పు లేదు. కానీ కూడబలుక్కుని చదివే వయసులో మూడు వారాలకో కొత్త గొంతు వచ్చి పోతుంటే పిల్లలకు మిగిలేది ఆ పాటే.

ఇలాంటి బడుల్లో టీచర్లు చాలరన్న మాట మాత్రం నిజం. ఆఫ్రికా దేశం మలావీ 1994లో ప్రాథమిక విద్యకు ఫీజులు ఎత్తేస్తే, పిల్లల సంఖ్య సుమారు 19 లక్షల నుంచి ఒక్కసారిగా 30 లక్షలకు చేరింది. ఉగాండా 1997లో, కెన్యా 2003లో ఇదే చూశాయి. ఫీజు తీసేస్తే పిల్లలు మర్నాడే వస్తారు, టీచర్ తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఖాళీలోకే వాలంటీర్ అడుగుపెడుతుంది. అందుకే వీళ్లంతా సెల్ఫీల కోసం వచ్చే బాపతు అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. చిక్కంతా వాళ్లకు అప్పగించే పనిలో ఉంది. పంతొమ్మిదేళ్ల అమ్మాయికి సొంత దేశంలో ఎవరైనా ఒకటో తరగతి అప్పగిస్తారా? విమానం దిగగానే అర్హత ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ పాఠం కొత్తదేం కాదు. వాలంటీర్లను విదేశాలకు పంపడానికి 1958లో బ్రిటన్‌లో మొదలైన వీఎస్‌ఓ (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) సంస్థ తొలి ఏళ్లలో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లనే పంపేది. తర్వాత పని తెలిసిన వృత్తి నిపుణుల వైపు మళ్లింది. 1961లో మొదలైన, అమెరికా ప్రభుత్వం ఇదే పనికి నడిపే పీస్ కోర్‌లో మామూలుగా రెండేళ్ల సేవ, దానికి ముందు స్థానిక భాషతో కలిపి మూడు నెలల శిక్షణ. ఇప్పుడు డబ్బు కట్టించుకుని రెండు వారాలకు పంపే కంపెనీలు ఆ శిక్షణను ఒక పూట ఓరియంటేషన్‌తో సరిపెడుతున్నాయి.

ఇక వీడ్కోలు. చివరి రోజు కన్నీళ్లు, కౌగిలింతలు, మళ్లీ వస్తానన్న మాట. ఆమెకు అది ఒక్క వీడ్కోలు, ఆ పిల్లాడికి ఆ ఏడాదిలో ఎన్నోదో. బడి పిల్లలు సాయంత్రానికి అమ్మ దగ్గరికి వెళ్తారు కాబట్టి కొంత నయం. వాలంటీర్లు వెళ్లే అనాథాశ్రమాల్లో అదీ లేదు. కంబోడియాలో 2005-2010 మధ్య వాటి సంఖ్య 75 శాతం పెరిగింది. అక్కడి పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చూడటానికి వచ్చేవాళ్లు ఉంటే చూపించడానికి పిల్లల్ని తెస్తారు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసినప్పుడు పిల్లల్ని ఇలా అనాథాశ్రమాలకు తరలించడాన్నీ ఆ కోవలోకే తెచ్చింది.

మరి ఏం పనిచేస్తుంది? ముంబై, వడోదర బడుల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన 'బాల్‌సఖి' కార్యక్రమాన్ని చూడండి. హైస్కూల్ చదువు పూర్తిచేసిన స్థానిక యువతులు, వెనకబడిన 15-20 మంది పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం పరీక్షించి చూస్తే పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. ఆ యువతులకు పెద్ద డిగ్రీల్లేవు. పిల్లల భాష వచ్చు, రేపూ వస్తారు.

విదేశీ వాలంటీర్‌కు అప్పుడు పనే ఉండదా అంటే, ఉంటుంది, కాకపోతే ఫొటోలో పడేది కాదు. టీచర్ ఇచ్చిన జాబితా చూసి స్వాహిలి పదాల అట్టముక్కలు వంద రాయొచ్చు. టీచర్ పదిమందితో చదివిస్తుంటే మిగతావాళ్లను ఆటలో పెట్టొచ్చు. చిరిగిన పుస్తకాలు అతికించొచ్చు. డబ్బు కట్టే ముందు కంపెనీని రెండు ప్రశ్నలు అడగాలి: ఇందులో బడికి చేరేదెంత? నేను వస్తున్నట్టు ఆ తరగతి టీచర్‌కు తెలుసా, నాతో ఏ పని చేయించుకోవాలనుకుంటోంది? రెండోదానికి జవాబు చెప్పడానికి కంపెనీవాళ్లు తడబడితే, టికెట్ బుక్ చేయకండి.