పెన్నుకు నాలుక కావాలి

నాలుక దానంతటది పగల్లేదు, కటింగ్ ప్లేయరు పగలగొట్టింది. ఫిల్లరుతో గొట్టంలోకే సిరా పోసుకునే పాతకాలపు ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులో పాళీ కింద నల్లగా ఉండేదే నాలుక. సిరాని పాళీకి అందించేదీ, బదులుగా గాలిని లోపలికి పంపేదీ అదే. పాళీకీ నాలుకకీ మరలుండవు, బిగువు మీదే నిలుస్తాయి. ఎండిన సిరా జిగురులా పట్టేస్తుంది కనుక రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. తర్వాత సైకిల్ ట్యూబు ముక్కతో పాళీనీ నాలుకనీ కలిపి పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా లాగాలి. ఇదంతా తెలిసినవాళ్లే ప్లేయరు పట్టుకుంటారు. తెలియనివాళ్లు హాయిగా కొత్త పెన్ను కొనుక్కుంటారు.

పగిలిన నాలుకనే మళ్లీ దూర్చి, అడుగున మిగిలిన సిరా పారబోయకుండా, క్లిప్పు ఊడిన మూతతో పెన్నుని జేబులో వేసుకుని చెన్నై మెట్రో ఎక్కడం తర్వాతి తెలివి. హైకోర్టు స్టేషన్లో దిగి బ్రాడ్‌వేలో ఓ స్టేషనరీ షాపు.

ఇక్కడ కాస్త లెక్క ఉంది. గొట్టంలో రెండు మి.లీ. గాలి ఉందనుకుందాం. మెట్రో ఏసీలో 25 డిగ్రీలున్నది గుండె వేడికి 35 అయితే, ఆ గాలి 3 శాతం పైచిలుకు ఉబ్బుతుంది. అంటే సుమారు 0.07 మి.లీ., చుక్కన్నర సిరా బయటికి. మంచి నాలుకైతే పక్క గాడుల్లో దాన్ని దాచుకుంటుంది. పగిలినది గాలికీ సిరాకీ గేట్లు తెరిచేస్తుంది, ఇక చుక్కల లెక్క ఉండదు. పైగా క్లిప్పు లేని పెన్ను జేబులో బోర్లా పడుకుంది. మూత సిరాబుడ్డి అయింది.

"నాలుక కావాలండి."

"మెడికల్ షాపు ఎదురు సందులో, సార్."

చూపిస్తే అర్థమవుతుందని, మర బిగుసుకున్న మూతని గుండెకు ఆనించి తిప్పాం. తెల్లచొక్కా. పర్మనెంట్ బ్లాక్. మొదట కందిగింజంత, తర్వాత రూపాయి బిళ్లంత, ఆపైన పూరీ అంత. గల్లాలో ఆయన చొక్కా వైపు చూడనైనా చూడలేదు, ముందు తన చిట్టాపుస్తకం వెనక్కి లాక్కున్నాడు. పెళ్లికార్డుల బేరానికొచ్చిన పెద్దావిడ "పెరుగు రుద్దు నాయనా" అంది, స్టేషనరీ షాపులో పెరుగు ఎక్కడుంటుందో మాత్రం చెప్పలేదు. బ్రాడ్‌వేకి సర్కారీ పేరు ప్రకాశం సాలై. 1928లో సైమన్ కమిషన్ని పొమ్మంటూ ఈ చుట్టుపక్కలే తుపాకీకి గుండె చూపించిన మన ఆంధ్రకేసరి పేరే. అదే రోడ్డు మీద ఇన్నేళ్లకి ఇంకో తెలుగు గుండె నిలబడింది, ఎదురుగా తుపాకీ కూడా లేకుండా. పేల్చుకున్నదీ మనమే.

"పార్టులు విడిగా అమ్మం సార్. పెన్ను కొనండి, లోపల ఉంటుంది."

ఆయన తలమీద అటకలో పాళీల పెట్టెలు పేర్చి ఉన్నాయి, కళ్లకి కనిపిస్తూనే. నిచ్చెన వేయడానికి ఒళ్లు బద్ధకం. 35 మి.మీ. పాళీ అంటే మామూలుగా ఆరో నంబరు, దానికి తగ్గ లావు నాలుకే కావాలి, పదోవంతు మి.మీ. ఎక్కువైతే అది దూరే గ్రిప్పు చీలుతుంది, తక్కువైతే కారుతుంది అని లావు కొలిచే వెర్నియర్ తీసి మరీ వివరించాం. డజను జెల్ పెన్నులు ముందుకు తోశాడు. "కారవు సార్" అన్నాడు, చొక్కా వైపు ఇప్పుడు తీరిగ్గా చూస్తూ.

ఆఖరికి నాలుక కోసం పెన్నే కొన్నాం. లోపలిది ప్లాస్టిక్. ఎబొనైటైతే అర నిమిషం వేడినీళ్లలో ముంచి పాళీ వంపుకి ఒత్తుకోవచ్చు, ప్లాస్టిక్ మాట వినదు. లావైనా సరిపోతుందేమో కొలుద్దామని ఇంటికొచ్చి చూస్తే వెర్నియర్ లేదు. ఆయన కౌంటరు మీదే ఉంది.