శ్రీసిటీ బండికి సిడ్నీ పైపులెందుకు?

ఇసుజు వీ-క్రాస్ పికప్ కొన్నవాళ్లు రాక్ స్లైడర్ల కోసం, అంటే బండి రాళ్ల మీద జారినా తలుపులు దెబ్బతినకుండా వాటి కింద బిగించే ఇనుప పైపుల కోసం, ఆస్ట్రేలియా కేటలాగులు తిరగేస్తుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఆ బండి పుట్టిల్లు తిరుపతి జిల్లా శ్రీసిటీ. 2016 నుంచి ఇసుజు పికప్‌లు అక్కడే తయారవుతున్నాయి. మన దగ్గర పుట్టిన బండికి రెండు ఇనుప పైపులు సముద్రం దాటి రావాలా?

పోనీ, వచ్చినవి సరిపోతాయా అంటే అదీ అనుమానమే. వీ-క్రాస్ నిజానికి ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లో ఒక రకం. ఆ డీ-మ్యాక్స్‌లో కొత్త తరం 2019లో థాయ్‌లాండ్‌లో వచ్చింది, మరుసటి ఏడాది ఆస్ట్రేలియాకు చేరింది. శ్రీసిటీ నుంచి మనకు వస్తూ వచ్చింది మాత్రం అంతకు ముందు తరం బండి. కేటలాగు మొదటి పేజీలో మెరిసిపోయే స్లైడర్ ఆ కొత్త ఛాసిస్ కొలతలకు చేసింది. పేరు ఒకటే కదా అని తెప్పించారో, యాభై కిలోల ఇనుము అటకెక్కుతుంది.

స్లైడర్‌ను ఫుట్‌బోర్డు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. నిగనిగలాడే నల్ల రంగు, పైన ‘హెవీ డ్యూటీ’ స్టిక్కర్ చూసి ఒక జత కొన్నాను. మారేడుమిల్లి దగ్గర వాగు దాటుతుంటే బండి ఒక పక్కకు జారి రాయి మీద కూర్చుంది. ఫుట్‌బోర్డు బ్రాకెట్లు అప్పడాల్లా వంగాయి, పైపు వెళ్లి తలుపు కింది రేకులో దిగబడింది. వెనక తలుపు తెరుచుకోలేదు. ఆ ఫుట్‌బోర్డే లేకపోతే రాయి అంత నష్టం చేసేది కాదు.

ఆ వంకరపోయిన పైపుతోనే విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టీ కట్టీ చేతులు కాయలు కాసిన మేస్త్రీ బండి కిందకు దూరి చూసి, బయటికొచ్చి ఒక్కటే అడిగాడు: “సార్, ఇది కాలు పెట్టడానికా, రాయి మీద కూర్చోబెట్టడానికా?” నాకు ఆ ఫుట్‌బోర్డు అమ్మినవాళ్లు ఈ మాట అడగలేదు. అసలు డిజైనంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

దాదాపు రెండు టన్నుల బండి ఒక పక్కంతా రాయి మీద వాలితే ఆ పైపు మోయాల్సింది టన్ను బరువు. దబ్బున పడితే ఇంకా ఎక్కువే. ఆ బరువు ఛాసిస్‌లోకి పోవాలి, తలుపు కింది రేకులోకి కాదు. పికప్‌లో క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. ఛాసిస్ ఒకలా మెలిదిరిగితే క్యాబిన్ ఇంకోలా కదులుతుంది. అందుకే స్లైడర్ ఛాసిస్‌నే పట్టుకోవాలి, క్యాబిన్‌కు రెండు వేళ్ల దూరం ఉండాలి. మట్టంగా కాకుండా బయటి అంచు కాస్త పైకి వాలి ఉంటే రాళ్లకు తక్కువ అందుతుంది. ఒక్కో పక్క కనీసం మూడు బ్రాకెట్లు, ఆరు మిల్లీమీటర్ల ప్లేటుతో.

పైపు సంగతికొస్తే, అమెరికాలో ఈ పిచ్చి ఉన్నవాళ్లంతా ఒకటిముప్పావు అంగుళం డీఓఎం గొట్టం (లోపల కడ్డీ పెట్టి సాగదీసి చేసిన గట్టి గొట్టం) పేరే జపిస్తారు. దాని గోడ మందం మూడు మిల్లీమీటర్లు. అది మన ఈఆర్‌డబ్ల్యూ పైపు (రేకును చుట్టి అంచులు కరెంటుతో అతికించిన మామూలు పైపు) కన్నా గట్టిదే, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు మనం ఒకటిన్నర అంగుళాల హెవీ క్లాస్ పైపు తీసుకుంటే సరి. నాలుగు మిల్లీమీటర్ల గోడ వస్తుంది, మీటరుకు నాలుగు కిలోల పైచిలుకు తూగుతుంది. తుప్పు పట్టదు కదా అని జింకు పూత పూసిన జీఐ పైపు మాత్రం తేవద్దు. వెల్డింగ్‌లో జింకు పొగ పీలిస్తే ఆ రాత్రికి మేస్త్రీకి చలిజ్వరం ఖాయం. ప్లేట్లతో కలిపి రెండు పక్కలకూ యాభై కిలోల చుట్టూ అవుతుంది. కిలో వంద రూపాయలనుకున్నా ఇనుముకు ఐదు వేలు. కూలీ, బోల్టులు, రంగు కలుపుకున్నా దిగుమతి సరుకుతో పోలికే లేదు.

ఒక్క విషయంలో మేస్త్రీతో వాదన పడింది. నేరుగా ఛాసిస్‌కే వెల్డింగ్ చేసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ వేడికి ఛాసిస్ లోపలి పూత కాలిపోతుంది. అక్కడికి మళ్లీ బ్రష్ పోదు, తుప్పు లోపలి నుంచి తింటుంది. ఛాసిస్ తుప్పంటే చిన్న విషయం కాదు. అమెరికాలో టకోమా, టండ్రా, సీక్వోయా బండ్ల ఛాసిస్‌లు తుప్పు పట్టిన కేసులో 2016లో టయోటా రాజీకి వచ్చింది. దాదాపు 15 లక్షల బండ్లు, 340 కోట్ల డాలర్ల దాకా లెక్క. నాకంత దమ్ము లేదు. ప్లేటును ఛాసిస్ చుట్టూ కౌగిలించినట్టు వంచి, ఉన్న రంధ్రాల్లోంచే బోల్టులు వేశాం. ఛాసిస్ పై అంచుకూ కింది అంచుకూ డ్రిల్లు ముట్టనివ్వలేదు.

రెడీమేడ్ పక్షాన ఉన్న వాదన తీసిపారేసేది కాదు. కంప్యూటర్‌తో కోసిన ప్లేట్లు, పౌడర్ కోటింగ్, ప్రతి జతా ఒకే అచ్చులో వస్తుంది. వీధి చివరి షెడ్డులో వేసిన వెల్డు పైకి లావుగా కనిపించి లోపల పట్టకపోవచ్చు. నిజమే. కానీ నున్నటి పౌడర్ కోటింగ్ కింద వెల్డు ఎలా ఉందో మీరు చూశారా? నా పైపుకు వేసిన ప్రతి అతుకునూ రంగు పడకముందే నేను చూశాను. రెండు నచ్చకపోతే గ్రైండర్ పెట్టి కోయించి మళ్లీ వేయించాను. ఇక చట్టమంటారా, 2017 డిసెంబరులో కేంద్రం బండి ముందు బిగించే క్రాష్ గార్డుల మీద కన్నెర్ర చేసినప్పటి నుంచి బయట ఇనుము బిగించాలంటే అందరికీ భయమే. ఆర్టీఓ దృష్టిలో మార్పు మార్పే, విదేశీ బిల్లు చూసి వదిలేయరు. అందుకే పైపును బండి వెడల్పు దాటనివ్వలేదు.

నన్ను పట్టి కుదిపింది మాత్రం ఇవేవీ కాదు. ఒక పైపు ఇంకో పైపు మీద ఆనే చోట చివరను చేప నోరులా కోయాలి. ఆ వంపు సందు లేకుండా కూర్చుంటేనే వెల్డుకు బలం. ఇంజినీరింగ్ మొదటి ఏడాది డ్రాయింగ్ పేపర్‌లో రెండు సిలిండర్లు కలిసే చోటు గీయమంటే గీసి మార్కులు కొట్టినవాణ్ని నేను. అక్కడ పైపు చేతిలో పెట్టుకుని తెల్లమొహం వేశాను. మేస్త్రీ దినపత్రిక ముక్క చింపి పైపుకు చుట్టి, సుద్దతో గీత లాగి, రెండు నిమిషాల్లో కోసి పడేశాడు. ఆనించి చూస్తే సందులో బ్లేడు దూరలేదు.

అదే మొదటి ఏడాదిలో మాకు వర్క్‌షాప్ ల్యాబ్ కూడా ఉండేది. ఫిట్టింగ్, కార్పెంటరీ, టిన్ స్మితీ, హౌస్ వైరింగ్. ఫిట్టింగ్‌లో ‘వీ’ ఆకారం ఆకురాయితో అరగదీయాలి. నేను సీనియర్ ఇచ్చిన పాత ముక్కకు నూనె రాసి సమర్పించాను. మా బ్యాచ్‌లో సగం మంది చేసిందీ అదే. చేయి మాసే పని ఏదైనా ఒక గండం, దాటేస్తే చాలు అన్నట్టు మమ్మల్ని పెంచారు. ఏటా వేలల్లో మెకానికల్ పట్టాలు పంచే మన రెండు రాష్ట్రాల్లో ఆ దినపత్రిక విద్య తెలిసిన మనిషికి ఏ కాలేజీలోనూ కుర్చీ వేయరు. పైగా అతనితోనే బేరమాడతాం. ఆస్ట్రేలియా కంపెనీ చెప్పిన ధరకు మారు మాట్లాడం, కస్టమ్స్ సుంకం నోరెత్తకుండా కడతాం, మేస్త్రీ ఆరు వేలంటే మాత్రం నాలుగు చేసుకో అంటాం. నేనూ అన్నాను. దినపత్రిక ముక్క చూశాక ఆరూ ఇచ్చాను.

మొన్న అదే వాగులో కుడి పైపు మీద జానెడు గీత పడింది. తలుపు మామూలుగానే తెరుచుకుంది. గొప్పగా తీసుకెళ్లి చూపిస్తే మేస్త్రీ గీత వంక కూడా చూడలేదు. బండి కిందకు దూరి, నడిమి బ్రాకెట్ మూలన వెల్డు మీద బొటనవేలితో రుద్ది చూసుకుని, “రెడ్ ఆక్సైడ్ డబ్బా అందుకోండి సార్” అన్నాడు.