610 బంతులు

మా నాన్న ఓడల తయారీ యార్డు పని మీద నాలుగేళ్ళు దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ఉన్నాడు. అక్కణ్ణుంచి రెండు పిచ్చులు వెంటేసుకొచ్చాడు. ఒకటి కిమ్చీ, రెండోది లోట్టే జెయింట్స్ బేస్‌బాల్ జట్టు. మావయ్య విశాఖలో పిల్లలకి ఫాస్ట్ బౌలింగ్ నేర్పుతాడు. యూనివర్సిటీకి ఆడే రోజుల్లోనే కుడి భుజం పాడుచేసుకున్నాడు. మొన్న ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరికీ తగువొచ్చింది: 1984లో లోట్టే పిచ్చర్ (మన బౌలర్‌లా బంతి విసిరేవాడు) చోయ్ దోంగ్‌వన్ చేసింది ఘనకార్యమా, అతని చేత చేయించిన అన్యాయమా అని. నేను బత్తాయిలు ఒలుస్తూ విన్నది విన్నట్టు రాస్తున్నాను. కేకలు మాత్రం కొంచెం తగ్గించాను.

నాన్న: ముందు విను శీనూ. కొరియన్ సిరీస్ అంటే అక్కడి లీగ్ ఫైనల్, ఏడు మ్యాచ్‌లు, నాలుగు గెలిచినవాళ్ళది కప్పు. ఎదుట శాంసంగ్ లయన్స్. మొదటి మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్సూ చోయ్ ఒక్కడే వేశాడు, ఒక్క పరుగు ఇవ్వలేదు. మూడోది కూడా మొత్తం తనే. పన్నెండు మందిని స్ట్రైకౌట్ చేసి, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేసి, గెలిపించాడు. ఐదోది మొత్తం వేసి 3-2తో ఓడాడు. మర్నాడు ఆరో మ్యాచ్‌లో మధ్యలో దిగి ఐదు ఇన్నింగ్స్ వేసి గెలిపించాడు. వాన పడి ఒక్క రోజు విరామం. ఏడోది మళ్ళీ మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా. జట్టు గెలిచిన నాలుగూ ఇతని ఖాతాలోనే. అలా ఒక్కడే నాలుగు గెలిచిన పిచ్చర్ ఆ సిరీస్ చరిత్రలో మరొకడు లేడు.

మావయ్య: నేనూ లెక్కే చెప్తాను బావా. సెప్టెంబర్ 30న మొదలు, అక్టోబర్ 9న ఆఖరు. పది రోజులు. 40 ఇన్నింగ్స్, 610 బంతులు. ఆరుతో భాగించండి.

నాన్న: ఓ వంద ఓవర్లు.

మావయ్య: 101 ఓవర్ల 4 బంతులు. మా దగ్గర నేర్చుకునే కుర్రాడి చేత పది రోజుల్లో అన్ని వేయించానంటే వాళ్ళమ్మ చెప్పు పట్టుకుని గ్రౌండ్‌కి వస్తుంది.

నాన్న: ఇతను నీ కుర్రాడు కాదురా. 26 ఏళ్ళ మనిషి. పైగా క్రికెట్ లెక్క ఇక్కడ పనికిరాదు.

మావయ్య: పనికిరాదు, నిజమే. మావాడికి పరుగు ఊతం ఉంటుంది. చెయ్యి చాపి తిప్పుతాడు, వంచకూడదు. మీవాడు కదలకుండా నిలబడి మోచెయ్యి వంచి విసరాలి. మోచేతి లోపలివైపు లిగమెంట్ మీద పడుతుంది భారమంతా. అది తెగిపోయే జబ్బుకి అమెరికాలో 1974లోనే ఆపరేషన్ చేశారు. అంటే 84 నాటికి ఈ ప్రమాదం సంగతి ఆట తెలిసినవాళ్ళకి కొత్త కాదు.

(నాన్న నా చేతిలోంచి ఒలవని బత్తాయి లాక్కున్నాడు. చూపుడువేలు, మధ్యవేలు దగ్గరగా పెట్టి, బొటనవేలు కింద ఆనించి, లేచి నిలబడ్డాడు.)

నాన్న: ఇదిగో, కర్వ్ అంటే వంగి కిందికి జారే బంతి, దాన్ని ఇలా పట్టుకోవాలి. చోయ్ ఎడమకాలు ఛాతీ దాకా లేపేవాడు. ఒళ్ళంతా వెనక్కి వంగేది, అద్దాలు ఎగిరిపోతాయేమో అనిపించేది. బంతి బ్యాటర్ కళ్ళ ఎత్తున వస్తుంది. కొట్టేద్దాం అనుకునేలోపు మోకాళ్ళ దగ్గర ఉంటుంది. వెనకాలే ఫాస్ట్ బాల్. ఏది వస్తుందో తెలిసినా కొట్టలేకపోయేవాళ్ళు.

మావయ్య: ఇప్పుడు ఆ బత్తాయి ఈ పూటే నూట ముప్ఫైసార్లు విసరండి. రేపు పొద్దున్న షర్టు చెయ్యి తొడుక్కోవడానికి అక్కని పిలుస్తారు.

నాన్న: సరే, మరి ఎవరు బలవంతం చేశారు? మేనేజర్ కాంగ్ బ్యోంగ్‌చోల్ ఒకటి, మూడు, ఐదు, ఏడు నువ్వే వెయ్యాలన్నాడు. ఇదెక్కడి పద్ధతి అని చోయ్ అంటే, “ఏం చేద్దాం దోంగ్‌వన్, ఇంతదాకా వచ్చేశాం కదా” అన్నాడు. “సరే, ఓ పట్టు పడదాం” అన్నాడు మనవాడు. బూసాన్ యాసలో ఆ రెండు ముక్కలూ అక్కడ చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. మా యార్డులో పని గడువు దగ్గర పడితే ఫోర్‌మన్ అదే అనేవాడు, మేమూ అదే జవాబు చెప్పేవాళ్ళం.

మావయ్య: అదే నా బాధ. మీ ఫోర్‌మన్‌కి అది పనికొచ్చింది చూశారా? “ఏం చేద్దాం” అనేది ప్రశ్న కాదు బావా. ఆ మాట అన్నాక ఎదుటివాడికి ఒక్క జవాబే మిగులుతుంది. ఆ సీజన్ ఎలా నడిచిందో చూడండి. జట్టు ఆడినవి 100 మ్యాచ్‌లు, ఇతను దిగినవి 51. రెండిట్లో ఒకటి! జట్టు గెలిచినవి 50, అందులో ఇతనివి 27. అప్పటికే 284 ఇన్నింగ్స్ పైచిలుకు వేసి ఉన్నాడు. ఆ చెయ్యి తీసుకుని సిరీస్‌కి వచ్చాడు. అతను వద్దంటే ఇంకెవరు వేస్తారు? జట్టులో ఇంకో పిచ్చర్‌ని తయారు చేసుకోనిది మేనేజరు, భారం మోసింది ఇతనూ.

నాన్న: ఆ సీజన్‌లో 223 స్ట్రైకౌట్లు. ఆ రికార్డు 37 ఏళ్ళు నిలబడింది, తెలుసా? 2021లో దూసాన్ జట్టు తరఫున మిరాండా 225 తీసేదాకా.

మావయ్య: మిరాండా అవి ఎన్ని ఇన్నింగ్స్‌లో తీశాడు?

నాన్న: ...173 పైచిలుకు.

మావయ్య: 111 తక్కువ! నా మాట మీ నోటితోనే వచ్చింది.

(అమ్మ లోపల్నుంచి “ఎవరు గెలిచారు?” అంది. ఎవరూ జవాబు చెప్పలేదు.)

మావయ్య: ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పండి. 85లో 20 విజయాలు, 86లో 19, 87లో 14, 88లో 7, 89లో ఒక్కటి. 90తో ఆట అయిపోయింది. మొత్తం ఎనిమిది సీజన్లు, 103 విజయాలు. పక్కనే గ్వాంగ్‌జు జట్టు పిచ్చర్ సన్ దోంగ్‌యోల్ 146 గెలిచి, తర్వాత జపాన్‌లోనూ ఆడాడు. మెట్లు దిగినట్టు దిగాడు మీవాడు. చెయ్యి అరిగిపోయిందనడానికి ఇంకేం కావాలి?

నాన్న: ఇక్కడ ఆగు. చివరి మెట్లు చెయ్యి వల్ల దిగినవి కావు. 88లో ఏం జరిగిందో నీకు తెలీదు. ఆ ఏడాది వేరే జట్టు పిచ్చర్ ఒకడు కారు ప్రమాదంలో పోయాడు. ఆ కుటుంబాన్ని ఆదుకునే ఏర్పాటేదీ ఆటగాళ్ళకి లేదు. చిన్న జీతాల కుర్రాళ్ళకైతే గాయమైతే అడిగే దిక్కు లేదు. అప్పుడు చోయ్ ముందుండి ఆటగాళ్ళ సంఘం పెడదామని అందరినీ కూడగట్టాడు. తనకేం తక్కువ? లీగ్‌లోనే పెద్ద జీతగాళ్ళలో ఒకడు. అయినా దిగాడు. యాజమాన్యాలన్నీ ఒక్కటై తొక్కేశాయి. ఆ నవంబర్‌లోనే అతన్ని శాంసంగ్‌కి పంపేసి, వాళ్ళ ఏస్, అంటే ప్రధాన పిచ్చర్, కిమ్ షిజిన్‌ని తెచ్చుకుంది లోట్టే. బూసాన్‌లో పుట్టి బూసాన్‌లో పెరిగినవాణ్ణి, ఏ జట్టుని ఓడించి కప్పు తెచ్చాడో ఆ జట్టుకే! వెళ్ళనని భీష్మించుకుని 89లో సగం సీజన్ ఆడనే లేదు. ఆ ఒక్క విజయం వెనక కథ అదీ.

మావయ్య: అంటే సంఘం మాట ఎత్తినందుకు ఊరు మార్చారు.

నాన్న: అవును. మళ్ళీ ఆటగాళ్ళు సంఘం పెట్టుకోగలిగింది 2000లో. ఇప్పుడు చెప్పు. యజమానుల ముఖం మీద కాదని చెప్పగలిగినవాడు, 84లో మేనేజర్‌కి చెప్పలేకపోయాడా? చెప్పలేక కాదు, వద్దనుకున్నాడు. అతను ఒప్పుకున్న పనిని నువ్వొచ్చి జాలి పడి లాగేసుకోకు.

(ఈ దెబ్బకి మావయ్య కాసేపు మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే నాక్కూడా నాన్న ఇంత గట్టిగా వాదిస్తాడని తెలీదు. మావయ్య రెండు తొనలు తిని గింజలు పళ్ళెం అంచున వరసగా పెట్టాడు.)

మావయ్య: మీరు చెప్పిన కథే ఇంకోవైపు నుంచి చెప్తాను. కాదన్నందుకు ఏమైంది? పంపేశారు. 88లో వేలమంది అభిమానులున్న పేరున్న ఏస్‌కే ఆ గతి పడితే, 84లో, ప్రొఫెషనల్ ఆటలో రెండో ఏడు, ఒక్క కప్పు కూడా గెలవని వాడు కాదంటే ఏమయ్యేది? ఇంకోటి. అతను 81లో కెనడా జట్టు టొరంటో బ్లూ జేస్‌తో ఒప్పందం దాకా వెళ్ళాడు కదా?

నాన్న: వెళ్ళాడు. సైనిక సేవ అడ్డొచ్చింది.

మావయ్య: చూశారా, అదీ అతని చేతిలో లేదు. ఎవరి కోసం విసరాలో, ఎక్కడ విసరాలో, ఎన్ని విసరాలో, ఏదీ. గాయమైన కుర్రాళ్ళని ఎవరు చూస్తారని 88లో అడిగిన మనిషికి ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు? ఆ 610 బంతుల్లోంచే అంటాను నేను.

నాన్న: అది నువ్వు ఊహిస్తున్నావ్.

మావయ్య: ఊహిస్తున్నాను. నా భుజం ఊహిస్తోంది.

నాన్న: మరి 87 మే 16 సంగతేంటి? బూసాన్ సజిక్ స్టేడియంలో చోయ్, సన్ ఎదురెదురుగా. అంతకుముందు ఇద్దరూ తలపడిన రెండు మ్యాచ్‌లలో చెరొకటి గెలిచారు. ఆ రోజు 15 ఇన్నింగ్స్, దాదాపు ఐదు గంటలు. ఇతను 209 బంతులు, అతను 232. ఇద్దరిలో ఏ ఒక్కడూ బంతి వదల్లేదు. 2-2, డ్రా. సినిమా కూడా తీశారు. అక్కడ ఎవడు ఎవణ్ణి వాడుకున్నాడు?

మావయ్య: ఇద్దరు మేనేజర్లు ఇద్దరినీ. 232 ఏంటి బావా, అదేమన్నా మామూలు సంఖ్యా! కానీ... ఆ మ్యాచ్ టీవీలో వస్తుంటే నేనూ కట్టెయ్యలేను. అది ఒప్పుకుంటాను.

నాన్న: ఒప్పుకున్నావు. రాసుకోవే!

మావయ్య: ఇదీ రాసుకో. అతను 2011 సెప్టెంబర్ 14న పోయాడు, పేగు క్యాన్సర్‌తో, 53 ఏళ్ళకి. 11వ నంబర్ జెర్సీని లోట్టే రిటైర్ చేసింది పోయాకే. బతికుండగా కోచ్‌గానైనా పిలిచిందా? వేరే ఊరి జట్టు హన్వా పిలిచింది. సొంతూరు విగ్రహం పెట్టింది.

నాన్న: (గొంతు తగ్గించి) పిలవలేదు. ఆ విషయంలో బూసాన్ వాళ్ళెవరినడిగినా తల దించుకుంటారు. స్టేడియం బయట ఆ విగ్రహం 2013లో పెట్టారు, కాలు లేపి విసరబోతున్నట్టు ఉంటుంది. వాళ్ళమ్మ దాన్ని తడుముతున్న ఫోటో ఒకటి చూశాను. నేనున్నప్పుడు మ్యాచ్ రోజు అందరూ నారింజ రంగు చెత్త సంచులు ఊది తలకి కట్టుకుని అరుస్తూ వెళ్ళేవాళ్ళు, అక్కడికొచ్చేసరికి మాత్రం కాస్త నెమ్మదించేవాళ్ళు. ఆ జట్టు 92 తర్వాత మళ్ళీ కప్పు కొట్టలేదు. అందుకేనేమో, 84 గురించి ఇంకా నిన్ననే జరిగినట్టు మాట్లాడతారు.

(అమ్మ వచ్చి, అటక మీది ఆవకాయ జాడీ దించమంది. మావయ్య లేచాడు. కుడి చెయ్యి భుజం ఎత్తు దాటలేదు. ఎడమ చేతికి మారేలోపు నాన్న స్టూలు ఎక్కి జాడీ దించేశాడు. ఇద్దరూ దాని గురించి ఏమీ అనలేదు.)

మావయ్య: ఆ ఏడో మ్యాచ్ మీ ఫోన్‌లో ఉందా?

నాన్న: చివరి మూడు ఇన్నింగ్స్ ఉన్నాయి. చూస్తావా?

మావయ్య: చూడ్డానికి కాదు. బంతులు లెక్కపెడతాను.

(టీవీకి కలిపారు. బొమ్మ అలికినట్టు ఉంది, వ్యాఖ్యానం ఒక్క ముక్క అర్థం కాదు. ఏడో ఇన్నింగ్స్. చోయ్ విసిరిన ప్రతి బంతికీ మావయ్య పైకే లెక్కపెడుతున్నాడు. ఇతను బాగా అలిసిపోయాడు, భుజం కిందికి జారుతోంది చూడండి అని మధ్యలో అంటున్నాడు. ఎనిమిదిలో లోట్టే బ్యాటింగ్, 4-3 వెనకబడి ఉంది. ఇద్దరు రన్నర్లు బేస్‌ల మీద. బ్యాటర్ యూ దూయోల్, ఆ సిరీస్‌లో అంతదాకా చెప్పుకోదగ్గది ఏమీ కొట్టనివాడు. బ్యాట్‌కి తగిలిన చప్పుడు పాత టేపులో కూడా వినిపించింది. బంతి ఎడమవైపు కంచె దాటింది, ముగ్గురికీ పరుగులే. 6-4.)

నాన్న: సిరీస్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా ఇతనికే ఇచ్చారు, చోయ్‌కి కాదు.

మావయ్య: అదో అన్యాయం!

(అప్పటికి మావయ్య నిలబడే ఉన్నాడు. ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. చోయ్ మళ్ళీ పిచ్చర్ నిలబడే దిబ్బ మీదికొచ్చి ఎడమకాలు లేపాడు.)

నాన్న: ఎన్నో బంతి?

మావయ్య: ...తప్పింది. ఏడు నుంచి మళ్ళీ పెట్టండి.